యారాలి కారుకు నేను కట్టిన చీర

రండి, చాప మీదికి జరగండి. ఫ్యాను గాలి అందరికీ తగిలేలా కాస్త దగ్గరగా కూర్చోండి. నా చదువు రెండో తరగతిలోనే ఆగింది గానీ, కంటితో చూసినది ఏదీ మరిచిపోను. ఇది సిగ్గుపడవలసిన సంగతి. అయినా చెబుతాను.

సూరత్‌లో ఉన్ అనే చోట మా కాపురం. మా ఆయన పక్కనే సచిన్ అనే పేటలో అద్దకం మిల్లు బాయిలరు చూసుకుంటాడు. నేను మగ్గాల కార్ఖానాలో కండెలు చుడతాను. మా మరిది, అతని భార్య మా యారాలు ఒకప్పుడు మాతో ఒకే గదిలో ఉండేవాళ్ళు. ఒకే పొయ్యి, ఒకే బిందె. ఆ తర్వాత వాళ్ళు ఎంబ్రాయిడరీ మిషన్లు పెట్టుకుని అడాజన్‌లో ఫ్లాటుకు మారారు. నేను ఓర్చుకున్నాను. లిఫ్టు ఉందంటే ఓర్చుకున్నాను. పొయ్యి మీది పొగను లాగేసే డబ్బా ఉందన్నప్పుడు కూడా ఓర్చుకున్నాను. పోయిన ఎండాకాలం కారు కొన్నారు చూడండి, అదిగో, అప్పుడు నా వల్ల కాలేదు.

పాత కారే, ఎవరో వాడి అమ్మింది. కానీ మా గల్లీలోకి వచ్చి ఆగేసరికి పాలనురగలా తెల్లగా మెరిసింది. ముందు జాలీ మీద వెండి రంగు గుర్తు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు దాన్ని వేళ్ళతో తడిమి చూస్తుంటే నేను గడప దాటి ముందుకు రాలేదు. మా యారాలు కిందికి దిగి, కౌగిలించుకుని, చెవిలో అన్నది:

"అక్కా, జర చెప్పులు దులుపుకొని ఎక్కు. సీటు కవర్లు తెల్లయి, మాసిపోతయ్."

దులుపుకున్నాను. మూడుసార్లు దులుపుకున్నాను.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా మగ్గం మీంచి దిగిన కొత్త తానులో ముక్క కోసి దానికి కడతాం. మా యారాలి స్కూటరుకు చేతిగుడ్డంత ముక్క కట్టాను. కారుకు మాత్రం ఎర్రటి చీర మొత్తం తెచ్చాను. నాలుగు మడతలు పెట్టి, ముందు జాలీ పొడవునా సందుల్లోంచి అల్లి, ఇటూ అటూ ముళ్ళు వేశాను. వెండి గుర్తు కనపడకుండా పోయింది. నాకు హాయిగా ఊపిరాడింది. చూసినవాళ్ళు కారు గురించి అడగడం మాని చీర ఎవరిదని అడిగారు. అదే నాకు కావలసింది.

ఆ రోజే అడాజన్‌లో వాళ్ళింటికి భోజనానికి నలుగురం బయలుదేరాం. ఉధనా దగ్గర బండ్లు కదలడం లేదు. పైన ఎండ, లోపల ఏసీ. మా యారాలు ముందు సీట్లో కూర్చుని జుట్టు సర్దుకుంటూ, "బస్సుల చెమటకు సచ్చేటోళ్ళం గదా అక్కా" అన్నది. నేనింకా బస్సులోనే తిరుగుతున్నానని ఆమెకు తెలుసు. అప్పుడే ముందు నుంచి తెల్లగా బుస్సుమని లేచింది.

"పొగ! దిగుండ్రి, దిగుండ్రి! అంటుకుంటది!" అని మా యారాలు చెప్పులు కూడా వదిలేసి దూకింది.

నిజం చెబుతున్నాను, నా మనసులో మొదట పుట్టిన మాట 'మంచిగైంది.' ఆ వెంటనే భయం పట్టుకుంది. నా కన్నే తగిలిందనుకున్నాను.

మరిది ఇంజను ఆపి, కారును పక్కకు తోయించి, పైమూత ఎత్తాడు. నీళ్ళ మూత తిప్పబోతే మా ఆయన చెయ్యి పట్టి లాగాడు.

"పాగల్ గానివా? లోపల నీళ్ళు మసులుతున్నయ్. మూత తిప్పితే మొకం మీదికి లేస్తయ్."

"మరి పొగొస్తుంది గదనే అన్నా!"

"ఆగు, పొగనా ఆవిరా సూద్దాం." ఆయన టిఫిను డబ్బా మూత తెచ్చి, దూరం నుంచే ఆ తెల్లదనంలో పెట్టాడు. మూత నిండా నీటి చుక్కలు పట్టాయి. వాసన చూశాడు. "ఇది ఆవిరిరా. నూనె కాలితే నీలంగ వస్తది, ముక్కు మండుతది. వైరు కాలితే ప్లాస్టిక్ కంపు కొడతది. ఇవేం లెవ్వు. నీళ్ళు ఉడికినయ్, అంతే. సల్లారనియ్."

చల్లారేదాకా ఫుట్‌పాత్ మీద కూర్చున్నాం. ఆయన వంగి చూశాడు. గొట్టాలు పగల్లేదు, కింద నీళ్ళు కారడం లేదు, ఫ్యాను బాగానే ఉంది. మరి ఎందుకు ఉడికిందో ఆయనకు అంతుపట్టలేదు.

మా యారాలు ఏడుపు మొదలుపెట్టింది. "దిష్టి తగిలింది. నాకీ కారొద్దు. రేపే తీస్కపోయి ఇచ్చినోనికే తిరిగిచ్చెయ్."

"సరే, ఇచ్చేస్త తియ్" అన్నాడు మరిది, తల పట్టుకుని.

నేను లేచి కారు ముందుకు వెళ్ళాను. చీర మీద చెయ్యి వేస్తే పెనంలా కాలింది. జాలీకి అతుక్కుపోయి ఉంది, లోపలి నుంచి ఎవరో పీల్చి పట్టుకున్నట్టు. మా కార్ఖానాలో మగ్గం మోటరు కూడా ఇంతే. పత్తి నూగు పట్టి గాలి సందులు మూసుకుపోతే కాగిపోయి ఆగిపోతుంది. ఆ నూగు దులపడం రోజూ నా పనే! మోటరుకు గాలి కావాలని తెలిసిన నేనే కారు ముక్కు మూశాను.

చప్పుడు చేయకుండా ముళ్ళు విప్పేస్తే ఎవరికీ తెలియదు. కారు వెళ్ళిపోతుంది. ఆమె మళ్ళీ బస్సెక్కుతుంది, నాలాగే. నేను ఒక్క క్షణమే ఆలోచించానని చెప్పను. పక్కన తోపుడుబండి మీంచి చాయ్ తెప్పించి, అది చల్లారేంతసేపు ఆలోచించాను. మా యారాలు వచ్చి పక్కన కూర్చుని, అడగకుండానే నా కొంగు లాగి ముఖం తుడుచుకుంది. ఒకే గదిలో ఉన్నప్పుడు అలాగే తుడుచుకునేది.

"కారు తిరిగియ్యకుండ్రి," అన్నాను. "నా చీర గాలి ఆపింది. దిష్టి గాదు, ఏం గాదు."

మా ఆయన జాలీ ముందు కూర్చుని చూసి, పకపకా నవ్వాడు. "ఇంతసేపు పైనుంచి వంగి సూసిన గని, ముంగటున్న బట్ట సూడకపోతి! నువ్వు పోవే మిల్లుకు, నేను కండెలు చుడత."

మా యారాలు మాత్రం నవ్వలేదు. "స్కూటరుకు చేతిగుడ్డంత కట్టినవ్. కారుకు చీరెందుకు కట్టినవ్ అక్కా?"

"కుళ్ళుతోని."

ఆమె చాయ్ గ్లాసును చేతిలో తిప్పింది. తర్వాత అన్నది: "నువ్వు కుళ్ళుకోవాలెననే గద అంత దూరం మీ గల్లీకి తెచ్చిన!"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూడలేక బండ్ల వైపు చూశాం. ఆ తర్వాత నవ్వొచ్చింది, ఆగలేదు.

బాగా చల్లారాక నీళ్ళు పోశారు. అడాజన్ దాకా ఏసీ వేయకుండా, అద్దాలు దించుకుని వెళ్ళాం. మళ్ళీ ఆవిరి రాలేదు. ఆ ఎర్ర చీర ఇప్పుడు వెనక సీటు మీద పరిచి ఉంది. నేనెక్కితే చెప్పులు దులపమని ఎవరూ అనరు. కుళ్ళు పోయిందా అంటారా? ఎక్కడ పోతుంది! ఆ పొగ లాగే డబ్బాను చూసినప్పుడల్లా ఇప్పటికీ లోపల కాలుతుంది. కాకపోతే ఇప్పుడు ఆమెకు చెప్పేస్తాను, కాస్త చల్లబడుతుంది.

మీ ఇంట్లో ఆవిరి అన్నం గిన్నె మీంచే లేవాలి. మీ వాకిట్లో నిలిచే బండికీ, మీ ఇంటి ఆడవాళ్ళ గుండెకూ గాలి ధారాళంగా ఆడాలి. ఇంటిల్లిపాదీ చల్లగా ఉండండి.