దీనమ్మ టీచరుగారి గోడ మీది స్విచ్చు

బాపట్లలో నా మేడగదికి ఎదురుగా ఒక టైలరు కొట్టు ఉంది. సందె వేళ అతను స్విచ్చు వేస్తే ట్యూబులైటు వెంటనే వెలగదు. స్టార్టరు టిక్కుటిక్కుమంటుంది, చివర్లు ఎర్రబడతాయి, ఒకటి రెండుసార్లు మిణుక్కుమని అప్పుడు తెల్లగా కుదురుకుంటుంది. ఆ చప్పుడు వినపడితే నా కుడిచెయ్యి దానంతట అదే కాస్త పైకి లేస్తుంది. ఎందుకని అడిగినవాళ్ళకల్లా ఒకే మాట చెబుతూ వచ్చాను: ఒకప్పుడు తెనాలిలో నేను చెయ్యెత్తితే తప్ప చీకటి పోయేది కాదని, ఆఫీసరు బల్ల మీద గుద్ది మరీ ఊరికి వెలుగు తెచ్చానని.

వయసు మీద పడింది కాబట్టి ఇప్పుడు కొంచెం తగ్గించి చెబుతాను. ఊరు కాదు, ఒక్క వీధి. నందివెలుగు రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఇరుకు వీధి. బల్ల గుద్దిన సంగతి కూడా నిజం కాదు. ఆ రోజు నేను బల్ల దాకా వెళ్ళనే లేదు, గుమ్మం దగ్గర అందరి చెప్పులకూ కాపలా ఉన్నట్టు నిలబడ్డాను. మాట్లాడింది దీనమ్మ టీచరుగారు.

ఆవిడ మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. రైల్వేలో పనిచేసిన భర్త పోయారు. ఒక్కతే కూతురు శాంత రేపల్లెలో నర్సు. ఆదివారం ఆరాధనకు వచ్చి సాయంత్రం బండికి వెళ్ళిపోయేది. నేను అంగలకుదురు వైపు ఒక బియ్యం మిల్లులో మేనేజరుని. అంటే గుమాస్తాని. వీధి చివర ఒంటిగది వాటాలో ఉండేవాణ్ణి. పెళ్ళి నేనే వద్దనుకున్నానని చెప్పుకునేవాణ్ణి గానీ, వచ్చిన ఒకటి రెండు సంబంధాలవాళ్ళూ నాకా శ్రమ లేకుండా వాళ్ళే వద్దన్నారు. మిల్లు నుంచి వచ్చి తలుపు తీస్తే, పొద్దున తాగి పెట్టిన గ్లాసు పెట్టినచోటే ఉండేది. దాన్ని కదిపేవాళ్ళు లేరని తెలిసీ ముందు దానివైపే చూసేవాణ్ణి.

ఇది ఎనభైల్లో సంగతి. వీధిలైట్లు వేసే మునిసిపాలిటీ మనిషి ఒక్కడే సైకిలు మీద ఎన్నో వీధులు తిరగాలి. మా వంతు వచ్చేసరికి చీకటి ముదిరేది. టైపు నేర్చుకుని వచ్చే ఆడపిల్లలు గోడ పట్టుకుని నడిచేవారు. ఒకసారి పాలాయన సైకిలుతో సహా మురిక్కాలవలో పడ్డాడు. దాంతో వీధిలోవాళ్ళం కలిసి మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాం.

“మా వీధిలో లైట్లున్నాయి బాబూ, వేసే చెయ్యే లేదు,” అన్నారు టీచరుగారు. “ఆ స్విచ్చేదో మా గోడకి బిగించి ఇవ్వండి. మేం వేసుకుంటాం.”

ఆఫీసరు కాగితాల్లోంచి తలెత్తాడు. “రోజూ ఎవరు వేస్తారండి? పండగొస్తే మీరంతా ఊళ్ళు వెళ్ళిపోతారు.”

“అదుగో, ఆ బాబు వేస్తాడు. అతనికి వెళ్ళే ఊరేం లేదు.”

అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. నాకు వెళ్ళే ఊరు లేదన్న సంగతి వీధికంతా తెలుసని నాకు ఆ రోజే తెలిసింది. బయటికొచ్చాక, “నన్నడక్కుండా చెప్పేశారేంటండి?” అన్నాను.

“అడిగితే ఆలోచిస్తానంటావు నాయనా. పద.”

ఆఫీసరు ఒప్పుకుని స్విచ్చు బిగించిన మర్నాటి నుంచి పొద్దుగూకే వేళకు వీధి ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి, గేటు తీసి, వసారా పక్క గోడకున్న స్విచ్చు వేయడం నా ఉద్యోగమైంది. ఆవిడ వసారాలో కూర్చుని ఉండేవారు. “వచ్చావా నాయనా?” “వచ్చానండి.” “తిన్నావా?” “ఇంకా లేదండి, వెళ్ళి వండుకోవాలి.” అంతే. లైట్లు ఒకదాని వెనక ఒకటి టిక్కుమంటుంటే వాటి కింద నడిచి నా గదికి వెళ్ళేవాణ్ణి. మిల్లులో బస్తాల మాటలు తప్ప వేరే మాట లేని నాకు, రోజుమొత్తంలో నా కోసం ఎవరైనా అడిగే ప్రశ్నలు ఆ రెండే. పొద్దున ఆర్పడం మాత్రం ఆవిడే చేసుకునేవారు.

ఒకసారి ముసురు రోజుల్లో జ్వరం తగిలింది. ఈ కథ చెప్పేటప్పుడు, వారం రోజులు వీధంతా చీకట్లో మగ్గిందనీ, జనం నా గుమ్మం ముందు బారులు తీరారనీ అంటుంటాను. నిజానికి ఒక్క సాయంత్రమే. అదీ చీకటి పడనే లేదు. లైట్లు వెలగడం మంచం మీదికే కనపడింది. ఆవిడే వేసి, ఎదురింటాయన్ని వెంటబెట్టుకుని వచ్చేశారు.

“రాలేదేంటి?”

“కాస్త వెచ్చగా ఉందండి.”

నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. “దీన్ని కాస్త అంటారా? మాటలు తర్వాత చెబుదువు గాని, లే.” ఎదురింటాయన రిక్షా తెచ్చాడు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే చేయిదాటేదన్నాడు డాక్టరు.

ఆసుపత్రి మంచం మీద నాకు సంగతి బోధపడింది. ఒంటిగాడు పడిపోతే ఎవరికి తెలుస్తుంది? వీధిలో పగలు కనపడని మనిషిని ఎవరూ వెతకరు గానీ, లైటు వెలగకపోతే అందరూ వెతుకుతారు. అందుకే ఆవిడ ఆ స్విచ్చు నా చేతికిచ్చారు. వెలుగు వీధికి, నేనున్నానో లేదో చూసే లెక్క నాకోసం. నన్ను ఒకరు కనిపెట్టుకుని ఉన్నారన్న ధైర్యంతోనే తర్వాత ఏళ్ళన్నీ గడిపాను.

తొంభైల్లో ఆవిడ పోయారు. శాంత ఇల్లు అమ్మేదాకా స్విచ్చు నేనే వేశాను. ఖాళీ వసారాలో “వచ్చావా” అనేవాళ్ళు లేక, “వచ్చానండి” అని నేనే అనేసి వెళ్ళేవాణ్ణి.

నేర్చుకున్నది మాత్రం వదల్లేదు. ఇక్కడ బాపట్లలో మా మేడ కింద ఒక రిటైరైన పోస్టుమాను ఒక్కడే ఉంటాడు. నా పేపరు అతని గుమ్మంలో వేయమని పేపరబ్బాయికి చెప్పాను. పొద్దున్నే అతను మెట్లెక్కి తెచ్చివ్వాలి. రోజూ విసుక్కుంటాడు. ఆ విసుగు వినపడితే నాకు నిశ్చింత.

ఇంతవరకు రాసి, రేపల్లె వెళ్ళి శాంతకు చదివి వినిపించాను. ఆమె కూడా రిటైరైంది. కన్నీళ్ళు పెట్టుకుంటుందనుకున్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని, నా వంక చూసింది.

“అంతా బానే రాశారు గానీ బాబాయిగారూ, మీ కోసం కాదండి అది. స్విచ్చు మా గోడకే కదా ఉంది, పొద్దున ఆర్పే మనిషి సాయంత్రం వేసుకోలేదా? నాన్న పోయాక ఆ గేటు తీసుకుని వచ్చేవాళ్ళే లేరు. నేనా, ఆదివారం తప్ప రాలేను. రోజుకొక్క మనిషన్నా గుమ్మంలోకి వస్తాడని మిమ్మల్ని పెట్టుకుంది అమ్మ. తిన్నావా అని ఎందుకు అడిగేదనుకున్నారు మీరు? అన్నేళ్ళలో ఒక్కరోజన్నా వచ్చి కూర్చున్నారా?”