వాసన ముక్క

జవహర్‌నగర్ దగ్గర మా బడిలో లెక్కలు చెప్పిన టీచర్ ఎవరినీ నమ్మేవారు కాదు. వృత్తాన్ని ముక్కలుగా కోసే పై చార్ట్ గీస్తే చివరి ముక్కనూ కొలవాల్సిందే.

"మిగిలిందంత దానిదే అని ఇడిసిపెట్టకుండ్రి. తప్పులన్ని గాడనే దాక్కుంటయ్," అంటూ ఒక కన్ను మూసి కోణమానిని పెట్టేవారు.

ఒకసారి ఇల్లిల్లూ తిరిగి, మీ పెద్ద బాధేమిటని అడిగి, ఆ లెక్కలతో గోడకు పెద్ద చార్ట్ గీశాం. నీళ్లు, బస్సులు, కుక్కలు అన్నీ కలిపినా సగం కాలేదు. తక్కినదంతా మా పక్కనున్న చెత్త డంపింగ్ యార్డు వాసనే.

మర్నాడు తనిఖీకి అధికారి వచ్చారు. హెడ్మాస్టరు ముందే కిటికీలన్నీ మూయించారు. టీచర్ చార్టును చూసి ఆగిపోయారు. ఒక కన్ను మూసి కొలిచారు. వాసన ముక్క సన్నబడింది, కుక్కల ముక్క లావెక్కింది.

"ఎవరో గీత జరిపిన్రు సార్. మా పిల్లలు గీసింది గిది కాదు."

"ఇప్పుడెందుకు టీచర్ గీ లొల్లి?" అన్నారు హెడ్మాస్టరు, మావైపు చూడకుండా.

అధికారి నవ్వారు. "చేత్తో గీసింది కదమ్మా, కొంచెం అటూ ఇటూ అవుతుంది."

టీచర్ వెళ్లి అధికారి పక్కనున్న కిటికీ తెరిచారు. ఆయన జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకునేదాకా ఆగి, రబ్బరు నా చేతికిచ్చారు.

"ఇగ సక్కగ గియ్యి."