పెళ్లి ఫోటోలో పెద్ద మావగారు

కెమెరా పట్టాక ఇది నా మూడో పెళ్లి. ఈ రోజు రాజమండ్రి ల్యాబ్‌లో ప్రింట్లు చూశాక గానీ నేను చేసిన తప్పు తెలియలేదు. పెళ్లికి ముందురోజు పిఠాపురంలో వాడేసిన రీలునే కొత్తదనుకుని పెళ్లిలో మళ్లీ వేశాను. ఫోటో మీద ఫోటో పడింది.

పిఠాపురంలో తీసింది చనిపోయిన ఓ పెద్దాయన్ని. పాడె ఎక్కించేముందు కుర్చీలో కూర్చోబెట్టి, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి తీయించుకున్నారు. చుట్టూ నిలబడ్డవాళ్లు పెళ్లి జనంలో కలిసిపోయారు గానీ, ఆయన మాత్రం తలంబ్రాలు పోసుకుంటున్న జంట వెనకాల స్పష్టంగా కూర్చుని ఉన్నారు. ఆ రోజు మూసి ఉన్న కళ్లు ఇందులో తెరిచి ఉన్నాయి. ఎవరి కళ్లో వచ్చి అక్కడ పడ్డాయిలే అని సర్దిచెప్పుకున్నాను.

ప్రింట్ల కోసం వచ్చిన పెళ్లికూతురి తల్లి, నేను దాచేలోపే దాన్ని అందుకున్నారు.

"అరే, మా పిఠాపురం పెద్ద మావగారండీ! రాలేదని కోపంగా ఉన్నాను. ఎప్పుడొచ్చారో!"

వెనక నుంచి ఆవిడ భర్త నాకేసి చూసి, చెప్పొద్దన్నట్టు తల ఊపారు. మైల వస్తే పెళ్లి ఆగిపోతుందని చావు కబురు దాచి, ఆవిడకింకా చెప్పలేదన్నమాట.

"ఇది పెద్దది చేసివ్వండి బాబూ. ఇంతమందిలో ఆయనొక్కరే కెమెరా వైపు చూస్తున్నారు" అన్నారావిడ.

అందరినీ కెమెరా వైపు చూడమనడం నాకింకా చేతకాదు. ఆయనకైతే చెప్పనే లేదు. మీరైతే ఆ ఫోటో పెద్దది చేసిస్తారా?