కాఫీకి ముందు చెప్పాల్సిన మాట

మొన్న స్నేహితురాలింటికి వెళ్తే, వాళ్లాయన ముచ్చటపడి కొన్న పాత సీడీ ప్లేయర్ మీట నొక్కాడు. ట్రే సన్నగా సుయ్‌మంటూ బయటికొచ్చింది. అదే సమయానికి వంటింట్లోంచి కాఫీ వాసన. ఆ రెండూ కలిసేసరికి నాకు కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. కొవ్వూరులో మా పక్కింటి సోమరాజుగారు గుర్తొచ్చారు.

ఆయనకి కొబ్బరితోటలు, చేపల చెరువులు ఉండేవి. మనసు మాత్రం సీడీ ప్లేయర్ల మీద. రెండువేల సంవత్సరానికి కాస్త అటూ ఇటూ రోజులవి. మద్రాసు నుంచి ఖరీదైన ప్లేయరు తెప్పించి, ఇంట్లో ఉన్నదాని పక్కన పెట్టి, రెండింట్లోనూ ఒకే వీణ కచేరీ వేసి వినేవారు. ఏడాది తిరక్కుండా పాతది అమ్మేసి ఇంకోటి తెచ్చేవారు. స్పీకర్లని జానెడు ఇటు, బెత్తెడు అటు జరుపుతూనే ఉండేవారు. గోదావరి మీది రైలు వంతెన మీదికి గూడ్సు బండి వస్తే పాట ఆపేసి, అది దాటేదాకా వరండాలో పచార్లు చేసేవారు.

ఆయన బాధల్లా మనుషులతోనే. మా గోదావరి మర్యాద తెలిసిందే కదా, ఒకరింట్లో కూర్చుని వాళ్ల వస్తువు బాగోలేదనడానికి మాకు నోరు రాదు. ఏది వినిపించినా అందరిదీ ఒకటే మాట, "బ్రహ్మాండంగా ఉందండీ!" అందుకని ఆయనొక పద్ధతి పెట్టారు. రెండు ప్లేయర్ల మీదా తువ్వాలు కప్పేవారు. గట్టిగా మోగిందే మంచిదనిపిస్తుందని శబ్దం రెండింటికీ సమానంగా సర్దేవారు. పైగా, జవాబు చెప్పేదాకా కాఫీ ఇవ్వనిచ్చేవారు కాదు.

"కాఫీ పుచ్చుకున్నాక ఎవడూ నిజం చెప్పడమ్మా, ఆయ్," అనేవారు.

సంగీతం నేర్చుకుంటున్నానని నన్నూ పిలిచేవారు. మొదటిసారి నేను కూడా, "రెండూ బాగున్నాయండీ బాబాయిగారూ," అన్నాను.

"నా మొహం చూసి చెప్పకు. తంబురా విడిగా వినపడుతోందా, లేదా? అది చెప్పు."

కళ్లు మూసుకుని మళ్లీ విన్నాను. "మొదటిదాంట్లో వినపడుతోందండి. రెండోదాంట్లో మృదంగం తప్ప ఏం తెలియట్లేదు."

రెండోది ఆయన మోజుపడి తెప్పించిన కొత్తది. అయినా ఎగిరి గంతేసినంత పని చేసి, "ఏమే, ఇప్పుడు తే కాఫీ!" అని లోపలికి కేకేశారు. ఆ రోజునుంచీ నా పాట గురించి ఎవరేమన్నా, ఈయనేమంటారో అనిపించేది.

డిగ్రీ అయ్యాక కాకినాడలో ఉద్యోగం వచ్చింది. చేరితే పాటకి వేళ ఉండదు. చేరకపోతే పాటనే నమ్ముకోవాలి. ఏదీ తేల్చుకోలేక, రాజమండ్రిలో నా పాట సీడీ చేయించి, ఆయన్నే చెప్పమన్నాను. మా అమ్మ కూడా వినాలని ప్లేయరూ స్పీకర్లూ మోయించుకుని మా ఇంటికే వచ్చారు. గుమ్మంలోనే అమ్మ సంబరంగా కాఫీ గ్లాసు చేతిలో పెట్టింది. ఆయన గ్లాసుని చూశారు, అమ్మని చూశారు, తాగేశారు. పాట అయిపోయాక, "బ్రహ్మాండంగా ఉందమ్మా," అన్నారు. ఆ సాయంత్రమే నాన్నతో ఉద్యోగంలో చేరనని చెప్పేశాను.

మర్నాడు పొద్దున్నే వచ్చారు. కూర్చోలేదు. అమ్మ కాఫీ అంటే, "తరవాతండి," అని పెరట్లో అటూ ఇటూ తిరిగి, నా ఎదురుగా వచ్చి ఆగారు.

"నిన్న అబద్ధం చెప్పానమ్మా. పై షడ్జం దగ్గరికొచ్చేసరికి నీ గొంతు భయపడుతోంది."

"మరి నిన్నే చెప్పలేదేంటండీ?"

"మీ అమ్మ మొహం చూశాను."

ఒళ్లు మండిపోయింది. ఏడుపొచ్చింది. చివరికి ఉద్యోగంలోనే చేరాను గానీ, కాకినాడ వెళ్లేదాకా ఆయనతో మాట్లాడలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పాట మానలేదు గానీ, ఆ సీడీ మాత్రం బ్యాగులోనే ఉంటుంది. మంచి ప్లేయరు ఎక్కడ కనిపించినా అందులో వేసి వింటాను. ఎందులోనైనా ఆ భయం వినపడకుండా ఉంటుందేమోనని ఆశ.

మొన్న కూడా వేయించాను. తంబురా విడిగా, తేటగా వినపడింది. పై షడ్జం వస్తోందనగా లేచి నిలబడ్డాను. గొంతు భయపడుతూనే ఉంది.

"ఎలా ఉందండీ మా ప్లేయరు?" అన్నాడు వాళ్లాయన. స్నేహితురాలు కాఫీ కప్పు అందించబోయింది.

"ఆగవే, ముందు చెప్పనీ," అన్నాను. "చాలా మంచి ప్లేయరండీ. ఏమీ దాచట్లేదు."