కంపెనీ మంచం మీది పలక

రాతి పలకల మీద తన వేలితో రాసిన దేవునికి స్తోత్రం. తల్లి కడుపులో ఎముకలు ఎలా కూడుకుంటాయో ఎరిగినవాడికి, అవి పుచ్చిపోయిన రోజున కూడా ఆ బిడ్డను మరవనివాడికి మహిమ. నేను ఒంటరిగా ఉన్న కాలమంతా నాతో మాట్లాడినవాడు ఆయన ఒక్కడే. అందుకని ఆయన పేరుతోనే మొదలుపెడుతున్నాను.

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిందని మార్కాపురం బజారులో చెప్పుకునేవారు. మేమింకా కర్నూలు జిల్లా వాళ్ళమే. ఆ మాటలు నా చెవిన పడేవి గాని మనసుకు ఎక్కేవి కావు. పలకల కంపెనీలో రాయి నునుపు చేసే పని నాది. మా నాయన పుల్లలచెరువు వైపు ఒక పల్లెలో సంఘానికి ఉపదేశి. నాకు చదువంటే ఆయన ఒళ్ళో కూర్చుని నేర్చుకున్న బైబిలే. నా భర్త మా పాప పాకే వయసులో జ్వరంతో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కంపెనీ వెనక సందులో ఒక గదిలో పాపా నేనూ ఉండేవాళ్ళం.

పలక పని చేసేవాళ్ళ ఒంటి మీద ఎప్పుడూ బూడిద రంగు పొడి ఉంటుంది. సాయంత్రం ఇంటికి రాగానే పాప నన్ను చేతులు కడుక్కోనిచ్చేది కాదు. మోచేతి కింద పొడి మీద వేలితో అక్షరాలు దిద్దేది. పలకలు చేసే ఇంట్లో పుట్టినా ఆమె మొదటి పలక నా చెయ్యే.

ఆరో ఏట కుంటడం మొదలుపెట్టింది. పడి దెబ్బ తగిలిందేమో అనుకున్నాను. డాక్టరు చూసి తుంటి ఎముకకు క్షయ అన్నారు. నడుము నుంచి పాదం దాకా పిండికట్టు వేసి నెలల తరబడి కదలకుండా పడుకోబెట్టాలట. మళ్ళీ నిలబడుతుందో లేదో కట్టు విప్పిన తర్వాతే తెలుస్తుందట.

గిద్దలూరు దాటి నల్లమల ఘాటు దిగాక, ఒక ఊళ్ళో మిషను దొరసానులు జబ్బు పిల్లల కోసం ఆశ్రమం నడిపేవారు, వాళ్ళను సిస్టరమ్మలు అనేవాళ్ళం. మా కంపెనీ షావుకారు ఆ ఆశ్రమంతో పొత్తు పెట్టుకుని ఉన్నాడు. అక్కడ మంచం పట్టిన ప్రతి బిడ్డకూ మా కంపెనీ పలక ఉచితం. అటు సరుకు తీసుకుపోయే లారీ ఆశ్రమం ముందు ఆగి, వాళ్ళకు కావలసినవి దించి పోవాలి. వార్డులో ఒక మంచం కంపెనీ పేరున ఉంటుంది, పనివాళ్ళ బిడ్డకు అవసరమైతే అది ముందు వాళ్ళకే. షావుకారు చెన్నకేశవస్వామికి దండం పెట్టనిదే దుకాణం తెరవని మనిషి. ఆశ్రమం నడిచేది యేసు ప్రభువు పేరున. ఈ పొత్తు చూసి బజారులో కొందరు నవ్వేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

నేను పోయి ఆయన ముందు నిలబడ్డాను.

"ఏందమ్మా, అట్ల నిలబడినావు? మంచం ఖాళీగానే ఉంది. బిడ్డను లారీలో పడుకోబెట్టుకొని తీసుకపో."

"నేనూ ఆడ్నే ఉంటా శెట్టిగారూ. ఊడుస్తా, గిన్నెలు తోముతా."

"ఉండనియ్యరమ్మా. తల్లి కనపడితే బిడ్డలు లేసి కూర్చుంటారంట, కట్టు పగులుతదంట. వాళ్ళు రమ్మన్న రోజే పోవాల."

వరిగడ్డి పరిచి, పలకల కట్టల మధ్య పాపను పడుకోబెట్టి తీసుకువెళ్ళాను. మంచం తలవైపు మా కంపెనీ పలకే ఒకటి బిగించి ఉంది, దాని మీద కంపెనీ పేరు. పాప దాన్ని చూసి "మనదే" అంది. తిరిగి లారీ ఎక్కేటప్పుడు నేను వెనక్కి చూడలేదు. ఎడారిలో దాహంతో చచ్చిపోతున్న బిడ్డను చూడలేక హాగరు పొద కింద ఉంచి దూరంగా పోయి కూర్చుందని చిన్నప్పుడు బైబిల్లో చదివినప్పుడు ఆ తల్లి మీద నాకు కోపం వచ్చేది. ఘాటు ఎక్కుతుంటే ఆ కోపం పోయింది.

ఆ తర్వాతి నెలల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. పనికి పోయేదాన్ని, వచ్చేదాన్ని. చేతి మీద పొడి అలాగే ఉండేది. కడుక్కోవడానికి తొందర లేదు, రాయడానికి ఎవరూ లేరు. ఆదివారం ప్రార్థన గుడిలో పిల్లలు ముందు చాపల మీద కూర్చుంటారు గనుక నేను వెనక గుమ్మం దగ్గర కూర్చునేదాన్ని. హన్నా దేవునికి ఇచ్చేసిన కొడుక్కి ఏటేటా చిన్న అంగీ కుట్టి మందిరానికి తీసుకుపోయేదని వాక్యంలో ఉంది. బిడ్డను చూడకుండా కొలత ఎలా తెలిసేదో అందులో లేదు. ఒకసారి గౌనుకు గుడ్డ కొన్నాను. ఎంత పొడుగు కత్తిరించాలో తెలియక మడిచి పెట్టేశాను.

ఒకరోజు లారీ డ్రైవరు షెడ్డులోకి తొంగిచూశాడు.

"ఏం చెల్లే, మొగం అట్లనే పెట్టుకొని ఉన్నావు? పలక చూసుకోలేదా?"

"ఏం పలకన్నా?"

"నీ బిడ్డ సొంతంగా రాసిందంట. సిస్టరమ్మ నా చేతికిచ్చినాది. నువ్వు నీళ్ళకు పోయినావంటే ఈ బల్ల మీద పెట్టిపోతిని. చట్రానికి ఎర్రదారం కట్టినారు చూడు."

ఆ బల్ల అత్తది. కొమరోలు వైపు మనిషి, మా అందరికీ అత్తే. కంపెనీలో ప్రతి పలకా చివరకు ఆమె చేతికి వస్తుంది. తడిగుడ్డతో తుడుస్తుంది, వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకుంటుంది. మోత బాగుంటే కుడివైపు, బీటో గీతో తగిలితే ఎడమవైపు. కబుర్లు చెబుతూనే చేస్తుంది, కళ్ళతో చూసే పనే లేదు. ఎర్రదారం కట్టిన పలక కుడివైపు దొంతరలో దొరికింది. ఇంకా తడి ఆరలేదు. నల్లగా, శుభ్రంగా ఉంది.

అత్త నా ముఖం చూసింది, పలక చూసింది. అప్పుడు అర్థమైంది ఆమెకు.

"అయ్యో తల్లీ, నా చేతులు ఇరిగిపోను! పలకనుకుంటి గాని బిడ్డ మాట అనుకోలేదే!"

నేను పలక తీసుకున్నాను. వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూశాను. బలపం గీత ఒక్కటైనా మిగిలి ఉంటుందేమోనని. తడిలో కనబడిన నా ముఖం నీడ కూడా తడి ఆరేకొద్దీ చెరుగుతూ వచ్చింది. ఇంటికి పోయి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పాప ఏడ్చి రమ్మని రాసిందో, బాగున్నానని రాసిందో. ఏది రాసిందో తెలియకుండా ఏమని ప్రార్థన చేయాలో కూడా తెలియలేదు.

మరునాడు అత్తే షావుకారు దగ్గరికి పోయింది. ఈసారి బలపంతో కాదు, మేకుతో గీకి పంపమని ఆశ్రమానికి చెప్పాలంది. మా పనిలో గీతపడిన పలక చెడిన సరుకే.

షావుకారు నవ్వాడు. "మన పలకను మన మనిషే చెడగొట్టమంటుంది. ఏం అత్తా, ఇన్నాళ్ళూ గీతపడినయ్యన్నీ ఎడమపక్క పారేసింది నువ్వే గదా?"

"ఇది ఏ పక్కా కాదులే శెట్టీ. ఇది ఆ పిల్లది."

ఆయన నవ్వు ఆపి, "ఒకటి పగులుతదేమో, రెండు పంపించు. మేకు మొనదేలింది ఇయ్యి," అన్నాడు.

మళ్ళీ లారీ వచ్చిన రోజు షెడ్డులో ఆడవాళ్ళంతా పని ఆపేశారు. ఇద్దరు అత్త చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నారు.

"ఒదలండే! నాకేమన్నా పిచ్చా?"

"నీకు లేదు అత్తా, నీ చేతులకుంది."

డ్రైవరు గుడ్డ మూట తెచ్చి నా చేతిలోనే పెట్టాడు. విప్పాను. పలక మీద ఒక్క అక్షరం లేదు. రెండు పాదాల గీతలు. నేల మీద పలక పెట్టి, దాని మీద ఆమెను నిలబెట్టి, ఎవరో వంగి పాదాల చుట్టూ మేకుతో గీశారు. కుడిపాదం నిండుగా ఉంది. ఎడమపాదం వేళ్ళ నుంచి సగం దాకా వచ్చి ఆగింది. మడమ లేదు. ఆ కాలు పొట్టిదైపోయి మడమ నేలకు ఆనలేదు.

కట్టు విప్పారు. నా బిడ్డ నిలబడింది. కుంటుతుంది. మూడు సంగతులూ ఒక్కసారే తెలిశాయి. నాలుగోది కొంచెం ఆలస్యంగా తెలిసింది. ఆ పాదం నాకు గుర్తున్న పాదం కాదు. నేను లేకుండానే పెరిగింది.

ఆ పలక చంకన పెట్టుకుని బజారులో చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి పోయాను. ఆయన తిప్పి తిప్పి చూశాడు.

"ఇదేందమ్మా, ఈ కాలికి మడమ మరిసిపోయినారే?"

"మరిసిపోలేదు నాయనా. ఆడ తోలు ఎత్తుగా పెట్టు. మడమ పైన్నే ఉంది, నువ్వు కిందినుంచి అందియ్యి."

ఆయన తోలు ముక్క తీసి ఆ గీత మీద పెట్టి కొలిచాడు. ఆ చెప్పులు లారీలోనే పంపాను. కొన్నాళ్ళకు ఆశ్రమం నుంచి రమ్మని కబురు వచ్చింది. ఆమె ఆ చెప్పులు వేసుకుని, సిస్టరమ్మ చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా నడిచి వచ్చింది. నన్ను చూసి వెంటనే రాలేదు. కాసేపు సిస్టరమ్మ చెయ్యి విడవలేదు. అది కూడా నేను దాచకుండా రాయాలి.

ఇంటికి వచ్చిన కొన్ని రోజులకు అడిగాను, మొదటి పలక మీద ఏం రాశావమ్మా అని.

"ఏ పలక?" అంది.

ఆమెకు గుర్తు లేదు. సిస్టరమ్మా డ్రైవరూ చదవలేదట, అత్త చదవలేదు, నేను చూడలేదు. ఆ మాట తెలిసినవాడు ఒక్కడే ఇప్పుడు. ఆయన దగ్గర అది చెరగలేదని నా నమ్మకం. అయినా కొన్ని సాయంత్రాలు చెయ్యి కడుక్కునే ముందు ఆగుతాను.

ఇది చదివిన మీరు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నాతో కలవండి. ఎక్కడో మంచం మీద కదలకుండా పడుకున్న బిడ్డ కోసం, కొండకు ఇవతల ఉండిపోయిన తల్లి కోసం, తెలియక తుడిచేసిన చేతుల కోసం. మంచం ఇచ్చిన మనుషుల కోసం కూడా, వాళ్ళు దేవుణ్ణి ఏ పేరుతో పిలిచినా సరే. తండ్రీ, మాకు అందని మాటలు నీకు అందాయి. వాటికి నువ్వే జవాబివ్వు. మీరూ అనండి, ఆమేన్.