కొమ్ముల లెక్క తప్పిన చలికాలం

సౌదీ తూర్పు తీరాన ఖతీఫ్‌లో మా ఇంటి వెనక సందులో గొర్రెలు పెంచుకునే ముసలాయన ఒకాయన ఉన్నాడు. మొన్న తొలి వాన కురిసి వెలిసిన ఉదయం, ఆసుపత్రి డ్యూటీకి బయల్దేరుతూ నేను తలుపు తీశానో లేదో, ఆయన పికప్‌లోంచి అప్పుడే దించుతున్న బర్సీం గడ్డి వాసన, తడిసి, పచ్చిగా, కాస్త తియ్యగా, సముద్రపు ఉప్పుగాలిని పక్కకు నెట్టి నా ముక్కుకు తగిలింది. బస్సు అందుకోవాలన్న సంగతి మరిచిపోయి గుమ్మంలోనే నిలబడిపోయాను. ఇదే గడ్డిని గంపల కొద్దీ మోసుకుంటూ మా నాయన వెంట కొండవాలు ఎక్కిన చలికాలపు పొద్దులు ఒకటొకటిగా వచ్చి ఎదుట నిలిచాయి.

సౌదీ అంటే ఇసుకే అనుకునే మా చుట్టాలకు, నేను పెరిగిన చోట పొద్దున్నే పళ్లు టకటకా కొట్టుకునేవనీ, పొగమంచు కిటికీలోంచి ఇంట్లోకి నడిచొచ్చి అమ్మ దండెం మీద ఆరేసిన చీరలను మళ్లీ తడిపేదనీ చెబితే నవ్వుతారు. అభా ఊరు దాటి కొండల్లోకి పోతే, అరార్ చెట్ల అడవి మధ్య, మెట్లు మెట్లుగా కట్టిన రాతి గట్ల పొలాల పైన, అబూ సయీద్ అనే పెద్దాయన సర్కారు అనుమతితో ఒక లోయంతా కంచె కట్టించి, విదేశాల నుంచి తెప్పించిన ఎర్ర దుప్పులను పెంచేవాడు. ప్రొద్దుటూరు చుట్టుపక్కల పల్లెల్లో బర్రెలకు మందులేసుకుంటూ తిరిగిన మా నాయన ఆ దుప్పులకు డాక్టరుగా వచ్చి, ఏడాది తిరిగేసరికి అమ్మనూ నన్నూ పిలిపించుకున్నాడు. నల్లరాతి గోడలతో రెండు గదుల ఇల్లు మాది. మిద్దె మీద అమ్మ వడియాలు పెడితే కొండకోతులు మందగా దిగివచ్చి, మాకంటే ముందే రుచి చూసి పోయేవి. కంచె మరమ్మతులు చూసే రాజమల్లు మామ, జగిత్యాల వైపు మనిషి, కట్టె తీసుకుని వాటి వెంట పడుతూ, "నీ యవ్వ, మా ఊరి కోతులే నయముర్రా, గివి మరీ షేకులు!" అని తిడుతుంటే నేనూ నూరా కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. నూరా అబూ సయీద్ మనవరాలు, నా ఈడుదే. నాకు అరబ్బీ నేర్పింది ఆమె, ఆమెకు తొక్కుడుబిళ్ల నేర్పింది నేను.

ఉగాదికి అమ్మ చేసిన ఓళిగలు నేతిలో తడిపి స్టీలు డబ్బాలో పెట్టి పంపితే, పండగ దినాల్లో నూరా వాళ్ల నాయనమ్మ వేడివేడి అరీక పంపేది: రొట్టెను మెత్తగా మెదిపి, నడుమ గుంట చేసి, ఆ గుంట నిండా నెయ్యీ కొండతేనే పోసి. ఆమె తన ఇంటి గోడలకు లోపలివైపు ఎరుపూ పసుపూ నీలమూ గీతలతో తానే రంగులు వేసుకునేది. ఆమె కుంచె పట్టుకున్నప్పుడు పిల్లలం ఊపిరి కూడా గట్టిగా తీయకూడదు. అబూ సయీద్ మాత్రం పొడుగ్గా, ఎండిన కొమ్మలాగా ఉండేవాడు. పండగల్లో ఆ కొండల మగవాళ్లు తలకు చుట్టుకునే పూలదండ, తులసిలాంటి ఆకులతో గుప్పున వాసన వేసేది, ఆయన మామూలు రోజుల్లో కూడా పెట్టుకునేవాడు. నడిచేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని, ప్రతి గేటు దగ్గరా ఆగి గొళ్లెం తానే ఒకసారి లాగి చూసుకునేవాడు.

ఎండాకాలం మొదట్లో మగదుప్పుల కొమ్ములు రాలిపోయి, మళ్లీ బుడిపెలుగా మొలిచి, నూగు తోలు కప్పుకుని వారాల్లోనే ఎదిగేవి. శరదృతువు వచ్చేసరికి ఆ తోలును చెట్ల మానులకు రుద్ది చీల్చుకుని, గట్టిపడిన కొమ్ములతో లోయ దద్దరిల్లేలా అరిచేవి. రాలిన కొమ్ములను ఏరి తెచ్చి కొట్టం పక్కన కుప్ప వేయడం రాజమల్లు మామ పని. ఏ ఏటి కొమ్ములను ఆ ఏటి కుప్పగా విడిగా ఉంచమని నాయన చెప్పేవాడు. ఆ కుప్పల మధ్య మేం ఇళ్లు కట్టుకుని ఆడుకునేవాళ్లం.

చలికాలంలో కొందరు అతిథులు వేటకు వచ్చేవారు. మొదటిసారి ఆ సంగతి తెలిసినప్పుడు నేను ఏడ్చి అన్నం మానేస్తే, నాయన నన్ను గట్టు మీద కూర్చోబెట్టుకున్నాడు.

"కంచె లోపల పులి ల్యాదు గదా పాపా. పుట్టినెవన్నీ అట్లే ఉంటే గడ్డి యాడ సాలుతాది? కొన్నిట్ని మనం తియ్యకుంటే అన్నీ ఆకలికి సస్తాయి."

అందుకు అబూ సయీద్ ఒక నియమం పెట్టాడు. వయసుతో పాటు మగదుప్పి కొమ్ముకు మొనలు పెరుగుతాయి. ఒక్కో కొమ్ముకు మూడు మొనలైనా లేని దాన్ని ఎవరూ కాల్చకూడదు. పిల్లదుప్పులు పెరిగి పెద్దవయ్యే అవకాశం ఉండాలని ఆయన ఆశ. ఆ మాట ప్రతి అతిథికీ గహ్వా కాఫీ కప్పు చేతికిచ్చేముందే చెప్పేవాడు. ఒకసారి పెద్ద హోదాలో ఉన్న మనిషి తొందరపడి ఒంటి మొన దుప్పిని పడగొడితే, అబూ సయీద్ ఆయనకు మర్యాదగా భోజనం పెట్టి, కారు దాకా వెళ్లి సాగనంపి, మళ్లీ ఎన్నడూ పిలవలేదు. కొండల్లో ఆ నియమానికి పేరొచ్చింది. వేరే దుప్పుల కంచెల యజమానులు చూసి పోయేవారు. ఆయనకు దాని మీద ఎంత గర్వమో, దాని గురించి మాట్లాడేటప్పుడు దండ సర్దుకునే తీరులోనే తెలిసేది.

నాకు పదేళ్లున్నప్పుడు, ఒక ఎండాకాలపు ఉదయం, ఆయన కొట్టం దగ్గరికి వచ్చినప్పుడు నాయన ఆ కుప్పలన్నీ వరసగా పరిచి చూపించాడు. నేనూ నూరా అక్కడే ఉన్నాం. మొదటి కుప్పలో నా చేతికంటే పొడుగు కొమ్ములు. వరస చివరికి వచ్చేసరికి సన్నగా, పొట్టిగా, రెండేసి మొనలతో.

నాయన అరబ్బీలో మెల్లగా చెప్పాడు. బలమైన దుప్పికి చిన్న వయసులోనే మూడు మొనలు వచ్చేస్తాయి. వచ్చిన ఏడే అది తుపాకీకి దొరుకుతుంది, పిల్లలను పుట్టించకముందే. బలంలేని దానికి ముసలిదైనా రెండు మొనలే. దాన్ని ఎవరూ ముట్టుకోరు, మందలో పుట్టే పిల్లలన్నీ దానివే.

"మీ నియమం చిన్నవాటిని కాపాడటం లేదు. మంచివాటిని ఏరి చంపుతోంది."

అబూ సయీద్ ఒక్కో కుప్పనూ చూసుకుంటూ వరస చివరిదాకా నడిచాడు. తర్వాత, "ఈ కొండ మా తాతది, దక్తూర్," అని ఒక్క మాట అని వెళ్లిపోయాడు. ఆ రోజు గేటు గొళ్లెం లాగి చూసుకోలేదు.

తర్వాత నెల రోజులు ఆయన మా ఇంటివైపు రాలేదు. పనులన్నీ డ్రైవరు చేత చెప్పించాడు. అమ్మకు నిద్ర లేదు. "నీకెందుకు ఆ మాట? ఆయప్ప కొండ, ఆయప్ప దుప్పులు. రేపు ఈడ ఉండేదానికి ఇఖామా రెన్యూ చెయ్యనంటే పాపను తీసుకోని యాడికి పోదాం?" అని వంటింట్లోంచే అనేది.

"చూసి చెప్పేదానికే గదా నన్ను పెట్టుకున్యాడు. చూసినా, చెప్పినా," అనేవాడు నాయన. కానీ సంకటి ముద్ద చేతిలో పట్టుకుని ఎటో చూస్తుండేవాడు.

రాజమల్లు మామ ఒక సాయంత్రం వచ్చి, "ఫికర్ జెయ్యకు చెల్లె. పెద్దాయన దినాం దుర్బిన్ పట్టుకొని గుట్టెక్కుతుండు. ఒక్కడే కూసొని సూస్తుండు," అని చెప్పి పోయాడు.

ఒకరోజు సాయంత్రపు నమాజు అయ్యాక తలుపు చప్పుడైంది. అబూ సయీద్ తానే వచ్చాడు, ఒంటరిగా, చెప్పులకు బురదతో. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలో నిలబడి, మాకందరికీ వినపడేలా చెప్పాడు.

"రోజూ కూర్చుని చూశాను. నువ్వు చెప్పిందే నిజం. ఆ లెక్క పెట్టడం నా పొరపాటు. చెప్పినందుకు నీమీద కోపం పెట్టుకోవడం ఇంకో పొరపాటు."

నాయన చాప పరిచాడు. అమ్మ గబగబా తలమీద కొంగు సర్దుకుని టీ పెట్టింది. ఆయన లోపలికి వచ్చి చాప మీద కూర్చుని, స్టీలు గ్లాసు కాలుతుంటే చేతులు మార్చుకుంటూ, నాయనను ప్రశ్న మీద ప్రశ్న అడిగాడు. ముసలి దుప్పిని దూరం నుంచి ఎలా పోల్చుకోవాలి? ఏటా ఎన్ని ఆడవాటిని తగ్గించాలి? ఏ వయసు మగదాన్ని వదలాలి? అరవై దాటిన మనిషి బడిపిల్లవాడిలా వేళ్లు మడిచి గుర్తుపెట్టుకుంటుంటే నేను తలుపు వారగా నిలబడి నోరు తెరిచి చూశాను.

అసలు పరీక్ష చలికాలంలో వచ్చింది. ఆ ఏడు అతిథుల్లో ఆయన అన్న అబూ మాజిద్ కూడా ఉన్నాడు. అతిథులను కూర్చోబెట్టే మజ్లిస్ గదిలో గచ్చు మీద కుంపటి, యాలకుల వాసన, గోడ పొడవునా దిండ్లకు ఆనుకున్న మనుషులు. నేనూ నూరా ఖర్జూరాల పళ్లెం పట్టుకుని వెళ్లాం. అబూ మాజిద్ ముందే ఒక దుప్పిని చూసుకుని వచ్చాడు. మందలో మిగిలిన మంచి దుప్పి అదొక్కటే. ఒక్కో కొమ్ముకు ఐదు మొనలు, వయసు నాలుగేళ్లే.

అబూ సయీద్ లేచి నిలబడి, ఇకపై మొనల లెక్క లేదనీ, ముసలివాటినీ బలంలేనివాటినీ మాత్రమే తీయాలనీ, ఏది ముసలిదో డాక్టరు చూపిస్తాడనీ చెప్పాడు.

అబూ మాజిద్ ముఖం మాడిపోయింది. "కొమ్ములు నా కళ్లకు కనిపిస్తాయి. వయసు నీ ఇండియా డాక్టరుకే కనిపిస్తుందా?"

"నీకూ కనిపిస్తుంది అన్నా, కాసేపు ఓపికపడితే. మెడ చూడు. వీపు ఎలా వంగిందో, పొట్ట ఎంత కిందికి జారిందో చూడు."

"ఇన్నేళ్లూ మా చేత మూడు మొనలు లెక్కపెట్టించింది ఎవరు?"

"నేనే. తప్పు లెక్క నేర్పాను. మీ అందరి ముందూ నేర్పాను కాబట్టి మీ అందరి ముందే చెబుతున్నాను."

అబూ మాజిద్ కప్పు కింద పెట్టి, భోజనం దాకా ఆగకుండా వెళ్లిపోయాడు. ఆ కొండల్లో తమ్ముడి ఇంట్లో తినకుండా లేచి వెళ్లిపోవడమంటే ఎంత మాటో పిల్లలమైన మాకు కూడా తెలుసు. నూరా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అబూ సయీద్ అన్న వెనకే బయటి గుమ్మం దాకా వెళ్లి, కారు మలుపు తిరిగేదాకా నిలబడి, తిరిగొచ్చి, మిగిలిన వాళ్ల కప్పుల్లో తానే గహ్వా పోశాడు.

మర్నాడు ఆయన తుపాకీ తీసుకుని నాయనతో కొండెక్కి, ఇన్నేళ్లూ ఎవరూ లెక్కచేయని రెండు మొనల ముసలి దుప్పిని తానే కాల్చి తెచ్చాడు. కొందరు అతిథులు ఆ బక్క కొమ్ములు చూసి మీసాల్లో నవ్వుకున్నారు. నాయన దాని దవడ తెరిచి చూపించాడు. పళ్లు చిగుళ్ల దాకా అరిగి నున్నగా ఉన్నాయి. నవ్విన వాళ్లు వంగి, వేలు పెట్టి తడిమి చూశారు. ఆ మాంసం ఎంత ఉడికించినా ఉడకలేదు. మాకు పంపిన భాగాన్ని అమ్మ ధనియాల పొడీ ఎండుకొబ్బరీ దట్టించి పొద్దంతా పొయ్యి మీద పెట్టినా, నమిలి నమిలి దవడలు నొప్పెట్టాయి. మజ్లిస్‌లో అందరూ మాట్లాడకుండా నములుతుంటే అబూ సయీద్, "దీని వయసు సంగతి ఇప్పుడైనా మీ పళ్లు ఒప్పుకున్నాయా?" అని అడిగాడట. ఆ నవ్వు మా ఇంటిదాకా వినిపించింది.

అబూ మాజిద్ ఆ తర్వాత రెండు చలికాలాలు రాలేదు. పండగకు తమ్ముడే అన్న ఇంటికి వెళ్లి నుదుటి మీద గౌరవంగా ముద్దుపెట్టి వచ్చేవాడు. నియమం మాత్రం మార్చలేదు. మూడో ఏడు, లోయలో మళ్లీ మందపాటి కొమ్ముల దుప్పులు తిరుగుతున్న రోజుల్లో, అబూ మాజిద్ కారు మా ఇంటి ముందు ఆగింది. తమ్ముడి ఇంటి ముందు కాదు, మా ఇంటి ముందు. ఆయన అద్దం దించి, నాయన వైపు చూసి, గొంతు సవరించుకుని అడిగాడు:

"దక్తూర్, ఈ ఏడు నాకు ఏది చూపిస్తావు?"

నాయన చేతులు తుడుచుకుని ఆయన పక్కన కూర్చున్నాడు. ఆ రాత్రి అన్నదమ్ములిద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారని నూరా పరిగెత్తుకొచ్చి చెప్పింది.

నేను కాలేజీకి వచ్చేసరికి మేం అభా వదిలి ఇటువైపు వచ్చేశాం. రాజమల్లు మామ ఎగ్జిట్ వీసా కొట్టించుకుని శాశ్వతంగా ఊరికి వెళ్లి, పొలం చుట్టూ అలాంటి కంచే కట్టుకున్నాడని విన్నాం. కొన్నేళ్లకు అబూ సయీద్ పోయాడు. పోయిన ఎండాకాలం పిల్లలను తీసుకుని అభా వెళితే, ఆ లోయ అంచున చెక్క గదులూ కాఫీ దుకాణాలూ ఉన్నాయి. సెలవులకు వచ్చినవాళ్లు పొగమంచులో ఫోటోలు దిగుతున్నారు. మా నల్లరాతి ఇంటి చోట కార్లు నిలుపుతున్నారు. నూరా ఇప్పుడు అభాలో బడి టీచరు. నన్ను చూసి చాలాసేపు వదలకుండా కౌగిలించుకుంది.

దుప్పులను ఉత్తరాన ఎక్కడో పెంపకం చోటికి పంపేశారని ఆమే చెప్పింది. లారీలు వచ్చిన రోజు అబూ మాజిద్, అప్పటికి సరిగ్గా నడవలేని ముసలాయన, కొడుకు చేత కారు తోలించుకుని వచ్చాడట. కుర్చీ వేస్తామన్నా కూర్చోకుండా, కర్ర ఆనుకుని, ఎక్కించే ప్రతి మగదుప్పినీ ఆపించి, మెడా వీపూ పొట్టా చూసి, దాని వయసు పైకి చెప్పాడట. కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు పళ్లు చూసి అవునంటే, "నా తమ్ముడు నేర్పాడు" అన్నాడట, ప్రతి దుప్పికీ, చివరి లారీ తలుపు మూసేదాకా.