నూతి చుట్టూ ఎడమకి

“ఎడంపక్కకే ఎందుకు తిరుగుతన్నావు? నిజం సెప్పు. నా పిల్లకి మూడ్రోజులై జొరం దిగనేదు!”

“పిల్లని బేగి ఆస్పత్రికి తీసుకెళ్ళక నా కాళ్ళకేసి సూస్తావేటే, సత్తెమ్మా?”

నర్సీపట్నంలో మా ఇంటికీ సుగుణమ్మ టీచరమ్మ ఇంటికీ మధ్య ఒకటే నుయ్యి. నేను చదివిన రెండు తరగతులూ ఆవిడ దగ్గరే, మిషన్ బడిలో. అప్పటిదాకా ‘మీరు’ అనేదాన్ని, కోపంలో ‘నువ్వు’లోకి దిగాను. డెబ్బైల చివరి మాట ఇది. ఆవిడ రోజూ తెల్లారుతూనే నూతి చుట్టూ పది చుట్లు నడిచేది, మేము గుడిలో తిరిగే తీరుకి సరిగ్గా ఎదురు. అలా తిరిగేది చిల్లంగి పెట్టేవాళ్ళేనని మా అత్త చెప్పేది. చేతబడి మాట వీధిలో పొక్కితే ఆ మనిషిని ఊళ్ళో ఉండనివ్వరు. అది తెలిసే, “రేపు పెద్దల్ని పిలుస్తాను” అని అరిచాను.

ఆవిడ లోపలికెళ్ళి అట్ట ఊడిన ఇంగ్లీషు డిక్షనరీ తెచ్చింది.

“దొరల్లోనూ నీలాంటోళ్ళున్నారే. ‘విడర్షిన్స్’ అని పాత మాట. సూర్యుడి దారికి ఎదురు నడవడం. సర్చి సుట్టూ అలా తిరిగితే కీడని ఆళ్ళూ బెదిరీవోరు. మాట పుట్టినప్పుడు మాత్రం ‘ఎదురు దారి’, అంతే. జుత్తు ఎదురు లేచినా అదే మాటట. భయం తరవాత జనం తగిలించిందే.”

“పుస్తకం నీది, సదివీది నువ్వు. నీకు కావలసినట్టే సదువుతావు. కుడికి తిరిగి సూపించు.”

ఆవిడ జంకింది. దొంగ దొరికిందనుకున్నాను. నూతిని కుడిపక్క ఉంచుకుని నడిచింది. చెయ్యి గాలిలో తడుముతోంది. నాలుగో అడుగు గట్టు విరిగినచోట పడబోయింది. కొంగు పట్టి లాగాను. ఇద్దరం బురదలో కూలబడ్డాం.

“కుడికన్ను పోయి రెండేళ్ళయిందే. ఎడంపక్కుంటేనే నుయ్యి కనిపిస్తాది. నడవమన్నాడు డాక్టరు. రోడ్డెక్కితే సెరకు బళ్ళు. బడిలో తెలిస్తే ఇంటికి పంపీస్తారు. సెప్పకే.”

చెప్పలేదు. వేపకషాయం ఊరికే వస్తుంది కదా అని పిల్లని ఇంట్లో ఉంచింది నేను. ఆ తప్పు ఆవిడ నెత్తిన పెట్టబోయాను. ఆ పూటే సర్కారు ఆస్పత్రికి ఎత్తుకెళ్ళాను, సూదిమందు పడ్డాక జొరం దిగింది. మనుషుల్ని అనుమానించే బుద్ధి నన్ను ఇప్పటికీ వదల్లేదు. కానీ నోరు తెరిచేముందు, నేను చెయ్యకుండా వదిలేసిందేమిటో ఒకసారి వెతుక్కుంటాను.

మర్నాడు తెల్లారి ఆవిడ కుడిపక్కకి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ఆడవాళ్ళు గుమ్మాల్లోంచి చూస్తున్నారు.

“నడవండి టీచరమ్మా,” అన్నాను.

పది చుట్లు తిరిగాం, ఎడమకే.